స్లోలో లైట్లు డిమ్ అవుతున్నాయి: డైనమో మార్చాలా, ముందు ఎర్త్ చూడాలా?

లాసన్స్‌బే కాలనీ
పెట్రోల్ కారు, తొమ్మిదేళ్ల బండి, నిలిపేది ఆరుబయటే. రాత్రిపూట హనుమంతవాక సిగ్నల్లో ఏసీ వేసుకుని ఆగితే హెడ్‌లైట్లు కాస్త చూపు తగ్గినట్టు అవుతాయి, మీటర్లో బ్యాటరీ గుర్తు మినుకుమంటుంది. ఒక్కోసారి స్టీరియో ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. కొంచెం రేజ్ చేస్తే అంతా మామూలే. కొన్నాళ్లు ఏమీ ఉండదు, బాగైపోయిందనుకునేలోపు మళ్లీ వస్తుంది. బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేసి బాగానే ఉందన్నారు. మెకానిక్ మాత్రం డైనమో (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చెయ్యమంటున్నాడు. మార్చెయ్యమంటారా?

ఆటోనగర్ అన్న
మార్చెయ్యండి. డబ్బులు చూసుకుంటే కనీసం విప్పించి లోపలి కార్బన్ బ్రష్‌లు చూపించండి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ నిమిషానికి 800 చుట్ల దగ్గర తిరుగుతుంది, పుల్లీల లెక్కన డైనమో రెండు వేల పైచిలుకు. ఆ స్పీడులో అది ఇచ్చేదే తక్కువ. హెడ్‌లైట్ల జతకే పది ఆంపియర్ల దాకా కావాలి, బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను వేరే. బ్రష్ అరిగిందంటే మొదట బయటపడేది స్లోలోనే. ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) గొడవే అయితే రేజ్ చేసినా డిమ్ అవ్వాలి కదా, అదెందుకు అవ్వట్లేదు?

మీటర్ పట్టిన మనిషి
అన్నా, మీ ప్రశ్న మంచిదే గానీ జవాబు ఇంజిన్ ఊగుడులో ఉంది. మౌంటు రబ్బరు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచేది) నలిగిన బండిలో ఇంజిన్ ఎక్కువ అదిరేది స్లోలోనే. ఏసీ కంప్రెసర్ పట్టుకున్నప్పుడు ఇంకాస్త. ఆ అదురుకి ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీ మైనస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ కదులుతుంది. రేజ్ చేస్తే ఇంజిన్ నిలకడగా తిరుగుతుంది, పట్టీ కూడా కుదురుకుంటుంది.

లాసన్స్‌బేలో ఆరుబయట నిలిపిన కారంటున్నారు. ఆ సముద్రపు ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే నిలవట్లేదు, బ్యాటరీ ట్రే కింద తడిసే రాగి పట్టీ సంగతి చెప్పాలా? పైకి నల్లటి తొడుగు బాగానే కనిపిస్తుంది, కొనలో బోల్టు బిగించే చోట మాత్రం ఆకుపచ్చగా పొడి పట్టి ఉంటుంది.

పట్టీని మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూడొద్దు. పట్టీలో ఒక్క తీగ మిగిలినా మీటర్ సున్నా దగ్గరే చూపిస్తుంది, నలభై ఆంపియర్లు మాత్రం ఆ తీగ మోయలేదు. డీసీ వోల్టుల్లో పెట్టండి. ఇంజిన్ స్లోలో, లైట్లు, ఏసీ అన్నీ ఆన్. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద (క్లిప్పు మీద కాదు, పోస్టు మీదే), ఎర్రది డైనమో బాడీ మీద. 0.2 లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. దాటితే అక్కడే ఉంది దొంగ.

ఇంకోటి. పొద్దున్న సెల్ఫ్ కొడితే ఎప్పుడైనా "టక్" మని ఊరుకుంటుందా?

లాసన్స్‌బే కాలనీ
అవునండీ! అప్పుడప్పుడు టక్ మంటుంది, రెండోసారి కొడితే అందుకుంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందనుకోలేదు.

మీటర్ పట్టిన మనిషి
సెల్ఫ్ మోటారుకి తిరుగుదారి కూడా ఆ పట్టీయే. బ్యాటరీ బాగుండి టక్ మంటుంటే డైనమో మీద అనుమానం నాకు సగం పోయింది.

ఆటోనగర్ అన్న
సెల్ఫ్ సొలనాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) అరిగినా టక్ మంటుంది గురూ. అయినా ఈ మీటర్ చదువులన్నీ ఫాల్ట్ ఉన్నప్పుడు పనికొస్తాయి. వచ్చి పోయే జబ్బుకి షెడ్డులో ఏం కొలుస్తారు? మంచి డైనమో ఒకటి ఎక్కించి నాలుగు రోజులు తిప్పి చూడ్డమే. అంత డౌటుంటే బండి ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయండి. ఆగిపోతే డైనమో పోయినట్టే.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు
ఆ చివరి ముక్క మాత్రం ఎవరూ చెయ్యకండి బాబూ. అది అంబాసిడర్ల కాలం నాటి పరీక్ష. ఛార్జింగ్ అవుతుండగా బ్యాటరీ తీసేస్తే వోల్టేజీ ఒక్కసారి ఎగదన్నుతుంది, క్షణంలో వెయ్యో వంతు చాలు. డైనమోలోని డయోడ్లూ పోవచ్చు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) కూడా. దాని ధరకి డైనమోలు కొనుక్కోవచ్చు. డయోడ్ల మీద అనుమానముంటే మీటర్ ఏసీ వోల్టుల రేంజిలో పెట్టి బ్యాటరీ మీద చూడండి, అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టు. బెల్టు కూడా చూడండి, ఏసీ వెయ్యగానే కీచుమంటే అదే.

మీటర్ పట్టిన మనిషి
వచ్చి పోయే జబ్బైతే రప్పించాలి అన్నా. మీటర్ పెట్టి ఉంచి, ఒకరు పట్టీని చెక్క కర్రతో అటూ ఇటూ కదపాలి (బెల్టుకి, ఫ్యానుకి దూరంగా, చున్నీలు, వదులు చొక్కాలు వద్దు). అంకె ఎగిరితే దొరికినట్టే.

లాసన్స్‌బే కాలనీ
బావమరిది చేత పట్టించి చూశాను. డైనమో బాడీకీ మైనస్‌కీ మధ్య 0.08. పట్టీ కదిపితే 0.9కి ఎగిరింది, అదే క్షణంలో లైట్లు తగ్గాయి. డైనమో మార్చక్కర్లేదన్నమాటేనా?

ఆటోనగర్ అన్న
ఆగండాగండి. 0.9 అక్కడ పోతోంది, ఒప్పుకున్నాను. మిగతాదంతా డైనమో సరిగ్గా ఇస్తోందని ఎవరు చెప్పేరు? పట్టీ కదిపి పట్టుకుని, డైనమో వెనక లావు వైరు బోల్టుకీ దాని బాడీకీ మధ్య ఎంతుందో చూడండి. అదే సమయంలో బ్యాటరీ మీద ఎంతో కూడా. డైనమో దగ్గరే పన్నెండున్నర ఉంటే నా మాటే. రెంచీ మాత్రం ఆ బోల్టుకి తగిలించకండి, నేరుగా బ్యాటరీ ప్లస్ అది.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు
ఇది అసలు కొలత. మొదటే అడగాల్సింది.

లాసన్స్‌బే కాలనీ
డైనమో దగ్గర 14.0. బ్యాటరీ మీద 12.9. ఎర్త్‌లో 0.9, ప్లస్ వైరులో 0.2.

మీటర్ పట్టిన మనిషి
12.9, 0.9, 0.2 కూడితే సరిగ్గా 14. లెక్క ఎక్కడా తప్పలేదు. డైనమో ఇస్తోంది, బ్యాటరీ దాకా చేరట్లేదు. పట్టీ కొత్తది వేయించండి. బోల్టు దిగే చోట పెయింటు గీకించి, బిగించాక పైన గ్రీజు పూయించండి. ముందే పూసేసి బిగిస్తే కాదు.

ఆటోనగర్ అన్న
సరే, డైనమో వదిలెయ్యండి. కానీ మౌంటు చూడకుండా పట్టీ ఒక్కటే వేస్తే ఆ ఊగుడుకి కొత్తదీ తెగుతుంది. బోనెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం వదిలితే ఇంజిన్ ఎంత లేస్తుందో ఎవరినైనా పక్క నుంచి చూడమనండి. ఎదురుగా మాత్రం నిలబడనివ్వొద్దు.

లాసన్స్‌బే కాలనీ
చూశాం. ఎడమవైపు మౌంటు రబ్బరు చీలిపోయింది. రెండూ కలిపి ఎంతవుతుందో ఆటోనగర్‌లో అడిగి చెప్తారా అన్నా?