ఐఫోన్‌లో కెమెరా పేజీని పరీక్షించడానికి నిలకడైన మార్గం ఉందా?

నేను వెబ్ డెవలపర్‌ని. పేజీని కంప్యూటర్ తెర మీద చూసి సరిపెట్టుకోలేను. ఫోను చేతిలో పట్టుకుని వేలితో తాకి చూస్తేనే లోపాలు బయటపడతాయి. అందుకే తయారీలో ఉన్న పేజీని నా కంప్యూటర్ నుంచే చూపించే వీట్ సర్వర్‌ను, మిగతా పరికరాలకూ అందేలా హోస్ట్ ఆప్షన్‌తో నడిపి, అదే వైఫైలో ఉన్న ఫోనులో కంప్యూటర్ ఐపీ చిరునామాతో తెరుస్తాను. మామూలు పేజీలకు ఇంతకంటే హాయి లేదు.

ఇప్పుడు క్యూఆర్ కోడ్ చదివే పేజీ చేస్తున్నాను. కెమెరా తెరుచుకోవాలంటే హెచ్‌టీటీపీఎస్ (సర్టిఫికెట్‌తో నడిచే సురక్షిత కనెక్షన్) ఉండాలి. లోకల్‌హోస్ట్‌కు, అంటే పరికరం తనను తాను పిలుచుకునే చిరునామాకు, మినహాయింపు ఉంది కానీ ఐపీ చిరునామాకు లేదు. ఆండ్రాయిడ్‌లో ఇబ్బంది తీరింది: యూఎస్‌బీ కేబుల్ కలిపి, కంప్యూటర్‌లోని క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే, ఫోను నా కంప్యూటర్ సర్వర్‌ను తన లోకల్‌హోస్ట్‌గానే చూస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన చిట్కా ఇది.

ఐఫోన్ దగ్గరే ఆగిపోయాను. సొంతంగా సర్టిఫికెట్లు చేసుకునే సాధనమైన ఎంకేసర్ట్‌తో కంప్యూటర్ ఐపీకి సర్టిఫికెట్ తయారుచేసి, దానికి ఆధారమైన రూట్ సర్టిఫికెట్‌ను ఫోనులో ఎక్కించి, దాన్ని పూర్తిగా నమ్మమని సెట్టింగ్స్‌లో మీట కూడా వేశాను. రెండు రోజులు చక్కగా నడిచింది. రౌటర్ కంప్యూటర్‌కు కొత్త ఐపీ ఇవ్వగానే, సర్టిఫికెట్ పాత ఐపీకి చేసింది కాబట్టి, కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిక వచ్చింది. ఐపీ మారినప్పుడల్లా సర్టిఫికెట్ చేసుకుంటూ కూర్చోవడం కష్టంగా ఉంది.

ఐపీకి బదులు చివర ‘డాట్ లోకల్’ ఉండే కంప్యూటర్ పేరుకు సర్టిఫికెట్ చేస్తే నిలకడగా ఉంటుందా? లేక రౌటర్‌లోనే ఐపీని స్థిరంగా కేటాయించడం మేలా? నా కంప్యూటర్‌లోని పేజీని ఇంటర్నెట్ ద్వారా బయటికి చూపే టన్నెల్ సేవలు మాత్రం వద్దు. ఇంకా బయటపెట్టకూడని పని ఇది, పైగా ఇంటర్నెట్ లేనప్పుడు కూడా సాగాలి. ఈ రెండింటిలో ఏదైనా నెలల తరబడి వాడినవారు మీ అనుభవం చెప్పండి.