చీరల ఫొటోలు కంప్రెస్ చేస్తే జరీ అలుక్కుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చీరల షాపు సైట్ అండి. ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కోటి 4 ఎంబీ, 4000×3000. వెబ్‌పీ (వెబ్ కోసం ఫొటో సైజు తగ్గించే ఫార్మాట్) క్వాలిటీ 75లో మెరూన్ పట్టు మీద జరీ గీతలు మసకబారాయి. 90కి పెంచినా అంతే.

జవాబు 1: ముందు సైజు తగ్గించండి. 800×600 చేస్తే పిక్సెళ్లు 25వ వంతుకు వస్తాయి, క్వాలిటీ ఒక్కటే తగ్గిస్తే మామూలుగా అంత తగ్గదు. 400, 800, 1200 వెడల్పుల్లో మూడు కాపీలు చేసి ఫొటో ట్యాగ్‌లోని ఎస్ఆర్‌సీసెట్‌లో ఇవ్వండి, బ్రౌజర్ స్క్రీన్‌కి సరిపోయేది ఎంచుకుంటుంది. ఫొటో ఎంత వెడల్పులో కనిపిస్తుందో చెప్పే సైజెస్ కూడా రాయాలి. జూమ్ ఫొటో నొక్కినప్పుడే లోడవ్వాలి.

జవాబు 2: జరీ సంగతి క్వాలిటీతో తేలదండి. లాసీ (కొంత సమాచారం వదిలేసే) వెబ్‌పీ రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక్కసారే దాస్తుంది, అదే 4:2:0. ఎరుపు పక్కన సన్నటి బంగారు గీత ఉంటే రెండూ కలిసిపోతాయి. షార్ప్ వైయూవీ (రంగుల అంచులు మసకబారకుండా చూసే) ఆప్షన్ ఆన్ చేస్తే కొంత నయం. జూమ్ ఫొటోకి మాత్రం ఏవీఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్‌లో 4:4:4 (ప్రతి పిక్సెల్‌కీ రంగు విడిగా దాచేది) వాడండి, పాత బ్రౌజర్లకి పిక్చర్ ట్యాగ్‌లో (బ్రౌజర్‌ని బట్టి వేరే ఫార్మాట్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) జేపెగ్ 4:4:4 పెట్టండి. స్క్వూష్ అనే ఫొటో కంప్రెషన్ టూల్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

జవాబు 3: ఐఫోన్ ఫొటోలైతే మెటాడేటా (ఫొటోతో పాటు ఉండే రంగుల ప్రొఫైల్ లాంటి వివరాలు) తీసేసే ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లోకి మార్చండి, లేదంటే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. చీర రంగు తేడా వస్తే కొన్నవాళ్లు తిప్పి పంపేస్తారు.

ప్రశ్న అడిగినవారు: పైన బ్యానర్‌కీ లేజీ లోడింగ్ (స్క్రీన్ దగ్గరికి వచ్చాకే ఫొటో లోడవ్వడం) ఉంది, ఉంచొచ్చా?

జవాబు 1: తీసేయండి. దానికి ఫెచ్‌ప్రయారిటీ హై ఇవ్వండి, బ్రౌజర్ దాన్ని ముందుగా తెస్తుంది. లేజీ కింద ఫొటోలకే. అన్నిటికీ విడ్త్, హైట్ రాయండి, లేకపోతే లోడవుతుంటే పేజీ గెంతుతుంది.