కుమింగాకి ఇంకా ఎక్కువ టైమ్ ఇవ్వాల్సిందా, కెర్ చేసిందే కరెక్టా?

ఫ్రీమాంట్ శీను (జూన్ 2025)

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ టీమ్‌ని ఫాలో అయ్యేవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నా. సీజన్ అయిపోయి నెల దాటింది. ఇంకొన్ని రోజుల్లో మన ఫార్వర్డ్ జొనాథన్ కుమింగా రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (వేరే టీమ్ ఆఫర్ ఇచ్చినా, అంతే ఇచ్చి వారియర్స్ ఉంచుకోగల ఆటగాడు) అవుతాడు. ఉంచుకుంటారా, పంపించేస్తారా అన్నది తర్వాతి సంగతి. అసలు ఈ కుర్రాడికి కోచ్ స్టీవ్ కెర్ ఆడే టైమ్ సరిగ్గా ఇచ్చాడా లేదా అన్న గొడవ మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాల దగ్గర నడుస్తోంది. మా వాడు పదో గ్రేడ్, స్కూల్ జూనియర్ టీమ్‌లో బెంచ్ మీద నుంచి వస్తాడు, కాబట్టి వాడి తీర్పు ఏంటో చెప్పక్కర్లేదు. మా ఆవిడేమో "ఆ అబ్బాయి సంగతి వాళ్ళమ్మ చూసుకుంటుంది, మీరు ముందు చారు పోసుకోండి" అంటుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. కుమింగా కాంగోలోని గోమాలో పుట్టాడు. 2021 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) ఏడో పిక్, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. మొదటి ఏడాదే ఛాంపియన్‌షిప్ ఉంగరం దొరికింది గానీ సగటున ఆడింది మ్యాచ్‌కి 17 నిమిషాల లోపే. 2023 ప్లేఆఫ్స్ (రెగ్యులర్ సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే సిరీస్‌లు) వచ్చేసరికి దాదాపు రొటేషన్‌లోనే, అంటే కోచ్ మ్యాచ్‌లో దింపేవాళ్ళలోనే లేడు.

నాకు కడుపు మండిన మ్యాచ్ 2024 జనవరి 4న డెన్వర్‌తో జరిగింది. నాలుగో క్వార్టర్‌లో మనం 18 పాయింట్లు ముందున్నాం. కుమింగా 19 నిమిషాల్లో 16 పాయింట్లు కొట్టి కూర్చున్నాడు. ఇక ఆఖరి 18 నిమిషాలు లేవలేదు. లీడ్ కరుగుతూనే ఉంది, కెర్ అటువైపు చూడనైనా చూడలేదు. చివరికి డెన్వర్ స్టార్ యోకిచ్ ఎక్కడో 39 అడుగుల దూరం నుంచి విసిరితే బోర్డుకి తగిలి లోపల పడింది. 130-127. ఆ తర్వాతే కదా, కుర్రాడికి కోచ్ మీద నమ్మకం పోయిందని వార్తలు వచ్చింది. విచిత్రమేంటంటే ఆ గొడవ అయ్యాక నిమిషాలు పెరిగాయి, ఆటా పెరిగింది. ఆ సీజన్ మ్యాచ్‌కి 26 నిమిషాలు, 16.1 పాయింట్లు, వేసిన షాట్లలో 53 శాతం లోపల పడ్డాయి.

ఇక ఈ ఏడాది. డిసెంబర్లో వరసగా రెండు రాత్రులు 34, 34 పాయింట్లు కొట్టాడు. వారం తిరక్కుండానే మెంఫిస్‌తో మ్యాచ్‌లో చీలమండ బెణికి రెండు నెలలకి పైగా పోయాడు. తిరిగొచ్చేసరికి ట్రేడ్‌లో స్టార్ ఫార్వర్డ్ జిమ్మీ బట్లర్ వచ్చేశాడు, టీమ్ గెలుస్తోంది. రెగ్యులర్ సీజన్ చివరి రోజు క్లిప్పర్స్‌తో ఓవర్‌టైమ్ దాకా వెళ్ళిన మ్యాచ్‌లో సున్నా నిమిషాలు. మెంఫిస్‌తో ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌కి అర్హత తేల్చే మ్యాచ్) సున్నా. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో మొదటి మ్యాచ్‌లో సున్నా. ఒంట్లో ఏ నొప్పీ లేదు, కోచ్ వద్దనుకున్నాడు, అంతే.

తర్వాత మిన్నెసోటా సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే మన స్టార్ స్టెఫ్ కర్రీకి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చాడు కుమింగా. మిగతా నాలుగు మ్యాచ్‌ల్లో 18, 30, 23, 26 పాయింట్లు.

బాగా ఆడాడు కాబట్టి బహుమతిగా నిమిషాలు ఇవ్వమని నేను అనట్లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా, ఇతను ఏంటో తేల్చుకునేంత పొడుగునా ఇచ్చారా అనే అడుగుతున్నా. మీరేమంటారు?

వాల్తేరు మాస్టారు

శీను గారూ, నేను స్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఈ మ్యాచ్‌లు చూడ్డమే ఇప్పుడు నా పని. మీ బాధ అర్థమైంది గానీ మీరు బంతినే చూస్తున్నారు.

ఒకసారి రికార్డింగ్ ఉంటే పెట్టుకుని, కుమింగాని వదిలేసి మన ఫార్వర్డ్ డ్రేమండ్ గ్రీన్‌ని కాపలా కాసేవాడి కాళ్ళు చూడండి. గ్రీన్ కార్నర్లో మూడు పాయింట్ల గీత బయట నిలబడతాడు. కాపలావాడు అక్కడ ఉండడు. పెయింట్‌లో (రిమ్ ముందు రంగు వేసిన చోట) ఒక కాలు పెట్టుకుని, మూడు సెకన్ల విజిల్ పడకుండా మధ్యమధ్యలో ఆ కాలు బయటికి తీసి మళ్ళీ లోపలే పెడుతుంటాడు. గ్రీన్ వేస్తే వేయనీ అన్న ధీమా. పక్కన బట్లర్ కూడా ఉంటే బట్లర్ మనిషీ రెండడుగులు లోపలికి జరుగుతాడు, ఎందుకంటే అతనూ బయట నుంచి పెద్దగా వేయడు. ఇప్పుడు మూడోవాడిగా మీ కుర్రాణ్ణి దింపండి. ఈ సీజన్ అతని త్రీలు 30 శాతం చిల్లర. అతను ఒక డ్రిబుల్ వేసి భుజం దించేసరికి ముందు ఒకడు, కుడిపక్క ఇంకొకడు, రిమ్ కింద మూడోవాడు. దూకే శక్తి ఎంతున్నా దూకడానికి చోటు ఉండాలి కదా.

పైగా హ్యూస్టన్ వాళ్ళు షెంగూన్, ఆడమ్స్ ఇద్దరు పొడుగువాళ్ళని పెట్టి జోన్ (మనిషిని కాకుండా చోటుని కాసే డిఫెన్స్) ఆడారు. జోన్ పగలాలంటే బయట నుంచి వేసేవాడే కావాలి. ఏడో మ్యాచ్‌లో బడ్డీ హీల్డ్ తొమ్మిది త్రీలతో 33 కొట్టి సిరీస్ తెచ్చిపెట్టాడు. కుమింగాకి నిమిషాలు ఇవ్వమంటున్నారు సరే, ఎవరి ఖాతాలోంచి తీసివ్వాలో కూడా చెప్పండి. మొత్తం ఉన్నవి 240 నిమిషాలు, ఐదుగురికి.

డల్లాస్ రాజా

మాస్టారూ, బాగా చెప్పారు. నేను ఇంకో మాట కలుపుతా, శీను అన్న తిట్టుకున్నా పర్లేదు. ఆ దూకుడికి, ఆ ఒడ్డూపొడవుకి మ్యాచ్‌కి 4.6 రీబౌండ్లేంటి? అసిస్టులు రెండు చిల్లర. ఫ్రీ త్రోలు 67 శాతం కూడా నిండలేదు. బంతి ఇతని చేతికి వెళ్ళిందంటే ఆగిపోతుంది, మిగతా నలుగురూ నిలబడి చూడాలి. కెర్ కట్టిన ఆటంతా బంతి ఆగకూడదన్న దాని మీదే నడుస్తుంది కదా.

ఇంకోటి, మిన్నెసోటా మీద నాలుగు మ్యాచ్‌ల్లో సగటున 24 అంటున్నారు. ఆ నాలుగూ ఓడిపోయారు. ఎవరో ఒకరు వెయ్యాలి కాబట్టి వేశాడు.

నా కోపం మాత్రం కెర్ మీద కాదు, డ్రాఫ్ట్ చేసినవాళ్ళ మీద. ఏడో పిక్ కుమింగా. ఆ వెంటనే ఎనిమిదో పిక్ ఎవరో తెలుసుగా? ఫ్రాంజ్ వాగ్నర్. ఓర్లాండోలో అతను మొదటి ఏడాదే 79 మ్యాచ్‌లు ఆడితే 79లోనూ స్టార్టర్, మ్యాచ్‌కి 30 నిమిషాలు. పోయినేడాది 22 కోట్ల డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు కూడా ఇచ్చేశారు.

ఫ్రీమాంట్ శీను

రాజా, తిట్టను గానీ నువ్వే నా కేసు గెలిపించావు. వాగ్నర్‌కి మొదటి రోజు నుంచి 30 నిమిషాలు. తప్పు పాస్ ఇచ్చినా, ఐదు షాట్లు పోయినా మర్నాడు మళ్ళీ వాడే స్టార్టర్. అప్పుడు ఓర్లాండో దగ్గర పోగొట్టుకోడానికి ఏమీ లేదు కాబట్టి ఇచ్చారు, ఒప్పుకుంటా. మనవాళ్ళు కర్రీతో కప్పు కొట్టాలి, అదే చేత్తో కుర్రాళ్ళని పెంచాలి అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు. వైజ్‌మన్ ఏమయ్యాడో చూశాం. 2020లో రెండో పిక్, మూడేళ్ళు నిండకుండానే డెట్రాయిట్‌కి పంపేశారు. కుమింగాతో పాటే వచ్చిన మోజెస్ మూడీకి పోయిన అక్టోబర్లో మూడేళ్ళకి 3.9 కోట్ల డాలర్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చి, ఇతనికి ఇవ్వలేదు.

"ఎవరో ఒకరు వెయ్యాలి కాబట్టి వేశాడు" అన్నావు. మూడో మ్యాచ్ చూశావా? 18 షాట్లకి 11 వేశాడు. ఎదురుగా ఉన్నది మిన్నెసోటా డిఫెండర్లు గోబేర్, మెక్‌డానియల్స్. కర్రీ లేకుండా 102-97 దాకా లాక్కొచ్చారు. అన్నట్టు, ఆ ఏడో పిక్ మనకి వచ్చింది మిన్నెసోటా నుంచే, విగిన్స్‌ని తెచ్చిన ట్రేడ్‌లో. వాళ్ళ పిక్‌తోనే వాళ్ళ మీద 30.

మాస్టారూ, మీరు చెప్పిన కాళ్ళ సంగతి మా వాడికి చూపించాను. రెండు అటాక్‌లు చూసి "ఇది ఫెయిర్ పాయింట్" అని ఒప్పుకుని ఫోన్ పట్టుకుని వెళ్ళిపోయాడు. కానీ ముగ్గురినీ కలిపి దింపమని నేననట్లేదు. గ్రీన్, బట్లర్ ఇద్దరూ 48 నిమిషాలు ఆడరు కదా. వాళ్ళలో ఒకరు కూర్చున్న ప్రతిసారీ ఇతను కోర్టులో ఉండొచ్చు. పక్కన హీల్డ్‌నీ, మూడీనీ పెడితే లోపల చోటు అదే వస్తుంది. దానికి ఎవరి పొట్టా కొట్టక్కర్లేదు.

ఇంకో మాట. 2014లో ఇదే కెర్ కోచ్‌గా వచ్చిన కొత్తలో ఆల్‌స్టార్ డేవిడ్ లీకి గాయమైతే గ్రీన్‌ని స్టార్టర్‌ని చేశాడు. 35వ పిక్. లీ తిరిగొచ్చినా ఆ చోటు మళ్ళీ ఇవ్వలేదు. ఆ ధైర్యం ఇప్పుడు ఏమైంది?

గుంటూరు లెఫ్టీ

నేను యూనివర్సిటీ టీమ్‌లో ఆడాను, ఎప్పుడూ ఆరో ప్లేయర్నో ఏడో ప్లేయర్నో. అందుకే ఇక్కడ నంబర్లు పక్కనపెట్టి ఒక విషయం చెప్తా.

వార్మప్‌లో పట్టిన చెమట మొదటి క్వార్టర్ అయ్యేసరికి ఆరిపోతుంది. మోకాళ్ళు బిగుసుకుంటాయి. ఎప్పుడో "వెళ్ళు" అంటారు. మొదటి బంతి చేతికి రాగానే పాస్ ఇవ్వాలా, వెయ్యాలా అన్నది ఆట చూసి తేల్చుకోవాలి. కానీ నాలుగు నిమిషాల్లో మళ్ళీ పిలిచేస్తారని తెలిస్తే ఏం చేస్తాం? ఏదో ఒకటి చూపించాలి కాబట్టి వేసేస్తాం. పోతుంది. ఇక డిఫెన్స్‌కి పరిగెడుతూ బెంచ్ వైపే చూస్తాం, ఎవరైనా ట్రాక్‌సూట్ విప్పుతున్నారా అని. ఆ చూపులో మనం కాయాల్సిన మనిషి రిమ్ వైపు తప్పించుకుని పోతాడు. కోచ్ అంటాడు, "చూశావా, అందుకే నిన్ను ఆడించను".

రాజా గారు బంతి ఆగిపోతుందన్నారు. నిజమే, ఆగుతుంది. ఎప్పుడు పిలుస్తారో తెలియని మనిషి చేతిలో ఎవరి దగ్గరైనా ఆగుతుంది. అందుకని నేను నిమిషాలు పెంచమని కూడా అడగను. పద్దెనిమిదే ఇవ్వండి, కానీ రెండో క్వార్టర్ మొదట్లో దిగుతావు, మూడోదాని చివర్లో దిగుతావు, రెండు షాట్లు పోయినా తియ్యను అని ముందే చెప్పండి. ఒక వారం 34 కొట్టించి, నాలుగు నెలలయ్యాక అసలు లేవనివ్వకపోతే ఏ వయసువాడికైనా టెన్షనే, ఇతనికింకా ఇరవై రెండు.

వాల్తేరు మాస్టారు

లెఫ్టీ అమ్మా, నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనను. ఎంతమంది పిల్లల్ని అలా పిలిచి మళ్ళీ కూర్చోబెట్టానో నాకు తెలుసు. స్కూల్ మీట్‌లో గెలవాలని మాకూ ఉంటుంది కదా.

కానీ తేడా చూడు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా జరిగే 82 మ్యాచ్‌ల్లో నువ్వడిగినట్టు గంట కొట్టి దింపొచ్చు, దింపాల్సింది కూడా. అక్కడ కెర్‌ని నేను సమర్థించను. ప్లేఆఫ్స్ మొదలయ్యాక ఏ కోచ్ మాటివ్వడు. ఎదుటివాడు జోన్ వేస్తే నీ పద్దెనిమిది నిమిషాలు పోతాయి, వేయకపోతే పాతికవుతాయి.

శీను గారూ, గ్రీన్ పోలిక తెచ్చారు కాబట్టి చెప్తా. గ్రీన్‌కి ఆ చోటు దొరికింది పాయింట్ల వల్ల కాదు. సెంటర్ దగ్గర్నుంచి పాయింట్ గార్డ్ దాకా ఎవర్నైనా ఆపేవాడు, రీబౌండ్ తీసుకుని తనే బంతి తోలుకెళ్ళి పాస్ ఇచ్చేవాడు. షాట్ పడకపోయినా కోర్టులో ఉంచడానికి కారణం ఉండేది. మీ కుర్రాడికి షాట్ పడని రోజున కోర్టులో ఉంచడానికి కారణం ఏది? అది దొరికిన రోజు కెర్ కాదు, ఎవరూ ఆపలేరు. అతనికి దూకుడుంది, కాళ్ళ వేగముంది. రాత్రికి ఎనిమిది రీబౌండ్లు తియ్యమనండి చాలు.

డల్లాస్ రాజా

ఎనిమిది రీబౌండ్లు! మాస్టారూ, అదే జరిగితే నేనే వచ్చి వారియర్స్ ఆడే చేజ్ సెంటర్ బయట జెర్సీ కొనుక్కుంటా.

శీను అన్నా, ఇంతకీ జూలైలో ఏం చెయ్యాలంటావ్? అది చెప్పు.

ఫ్రీమాంట్ శీను

మాస్టారు అడిగిన కారణం ఈ ఏడాదిలో నాకు కనిపించింది ఒక్కటే: ఫౌల్ తెప్పించుకోవడం. డిఫెండర్ భుజంలోకి వెళ్ళి విజిల్ కొట్టించేవాళ్ళు ఆ టీమ్‌లో బట్లర్ తర్వాత ఇతనే. ఫ్రీ త్రోలు 67 దగ్గరే ఆగిపోవడం వల్ల దాని విలువ సగమవుతోంది. ఆ ముక్క రాజాకి ఇచ్చేస్తున్నా. లెఫ్టీ గారి పద్దెనిమిది నిమిషాల లెక్కకి నేను వందకి వంద ఒప్పుకుంటా, నేను అడిగినదానికన్నా అదే మంచి లెక్క.

రాజా, జూలై సంగతంటే, ముందున్న దారులు ఎక్కువేం లేవు. క్వాలిఫయింగ్ ఆఫర్ (పాత టీమే ఇచ్చే ఏడాది కాంట్రాక్టు) సుమారు 80 లక్షల డాలర్లు. అది సంతకం పెడితే ఒక్క ఏడాది ఆడి, వచ్చే వేసవికి పూర్తిగా స్వేచ్ఛ, ఆ ఏడాదిలో అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ కూడా చెయ్యలేరు. మా వాడు అదే చెయ్యాలంటున్నాడు, రోషం గల వయసు. కానీ అదే కోచ్ కింద, అదే గ్రీన్, బట్లర్ పక్కన ఇంకో ఏడాది అలాగే కూర్చుంటే ఆ తర్వాత అడిగేవాడెవడు? నేనైతే సైన్ అండ్ ట్రేడ్ (కాంట్రాక్టు ఇచ్చి వెంటనే వేరే టీమ్‌కి పంపడం) చూసుకుంటా. పేరున్న టీమ్ కానక్కర్లేదు. బయట నలుగురు త్రీలు వేసేవాళ్ళుండి, పవర్ ఫార్వర్డ్ స్థానంలో ఖాళీ ఉంటే చాలు. అలాంటి టీమ్‌లు మీ దృష్టిలో ఉంటే పేర్లు పెట్టండి, ఈ రాత్రి మా వాడితో వాదించడానికి పనికొస్తాయి.