సమస్య: గీత దాటిన గుర్రమే గెలువదయ్యె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇదే, ఇది చివర వచ్చేలా పద్యం అల్లాలి. దార్ రే మి కథ చదువుతుంటే తట్టింది. సంగీతకారుడు ఆండ్రూ లాయిడ్ వెబర్, ఆయన భార్య మాడలిన్ ఇంగ్లండులోని తమ వాటర్‌షిప్ డౌన్ స్టడ్ అనే గుర్రాల పెంపక క్షేత్రంలో పెంచుకున్న ఆడగుర్రం అది. 2009 సెప్టెంబరులో ప్యారిస్ లాంగ్‌షాంప్‌లో జరిగిన ప్రి వెర్మెయ్ పందెంలో అన్నిటికన్నా ముందు గీత దాటింది. పక్క గుర్రానికి దారి ఇరుకు చేసిందని ఐదో స్థానానికి దించేశారు. రెండోదిగా వచ్చిన స్టాసెలీటాకు పందెం దక్కింది. పూరించండి.

పద్యప్రియ:
తల్లి గెలిచిన బరిలో తనయ నిలిచె
అడ్డు తగిలెను పొరుగున కనెడి మాట
తీర్పుగా వచ్చె నైదవ దిగువ మెట్టు
గీత దాటిన గుర్రమే గెలువదయ్యె

తల్లి దరారా 1986లో ఇదే వెర్మెయ్ గెలిచింది. అదే నన్ను పట్టేసింది.

గణవిభజన:
తల్లిని తేవడం చాలా బాగుంది పద్యప్రియ గారూ. ఆ ఒక్క మాటతో ఓటమి బరువు రెట్టింపయింది. కానీ మొదటి పాదంలో 'బరిలో' దగ్గర గణం తప్పి కాలు జారింది. 'బరిలోన' అనండి, సరిపోతుంది.

తురగవల్గన:
అందరూ ఓడిన రోజునే పట్టుకుంటే ఎలా? నేను దార్ రే మి కొడుకు టూ డార్న్ హాట్ మీద రాశాను.

స్వరము లల్లిన యింటిలో సాకినట్టి
కొడుకు ముమ్మారు తలవంచె, కూర్మి తల్లి
పేరు నిలిపెను తుదిరెంటఁ బెంపు మీర
గీత దాటిన గుర్రమే గెలువదయ్యె?

2018లో పరుగెత్తిన నాలుగూ గెలిచాడు. 2019లో వరసగా మూడు పోయాయి. ఆ తర్వాత ప్రి జాన్ ప్రా, ససెక్స్ స్టేక్స్ రెండూ కొట్టాడు. అవే చివరి రెండు.

గణవిభజన:
'తుదిరెంట' ముచ్చటగా ఉంది. ప్రశ్న గుర్తు మాత్రం నాకు నచ్చలేదు. సమస్యలోని చిక్కు విప్పకుండా పక్కనుంచి వెళ్ళిపోయినట్టుంది. మీరు ఇదివరకటి ఏనుగు సమస్యకూ ఇలాగే చేశారు. పైగా అక్కడ 'గొప్ప'కు 'ఏనుగోడె'లోని 'గో'తో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరానికి ఉండాల్సిన మైత్రి, కుదిర్చారు. సంధి విడదీస్తే అక్కడున్నది ఓకారం కదండీ!

తురగవల్గన:
ఆ ఏనుగును ఇంకా వదల్లేదా మీరు? కాకువు, అంటే గొంతు మార్చి మాటను ప్రశ్నగా తిప్పడం, మన పెద్దల నాటి నుంచీ ఉన్నదే. తప్పించుకోవడం కాదు. యతి సంగతి మళ్ళీ చూస్తాను.

పద్యప్రియ:
మీ ఇద్దరి మధ్య నా 'బరిలోన' పోతోంది. సవరించిన పాదం ఇదిగో: 'తల్లి గెలిచిన బరిలోన తనయ నిలిచె'. గణవిభజన గారికి ధన్యవాదాలు. నిన్న పదిసార్లు చదువుకున్నాను, పైకి రాగం తీసి చదవడంతో 'లో' సాగిపోయి తప్పు వినబడలేదు.

అక్షరమాల:
నాకు 'గీత దాటడం' అన్న మన మాటే దారి చూపింది.

రెండు గీతలు గలవండి రేసులోన
చివర నొకటుండు, నొకటుండుఁ జేరి పక్క
పక్క దానిని దాటుట పాడి గాదు
గీత దాటిన గుర్రమే గెలువదయ్యె

తురగవల్గన:
అమ్మా, ఇది పూరణం! హద్దు మీరడం అనే అర్థం మన కళ్ళ ముందే ఉంది, మేమెవరం చూడలేదు. 'గలవండి' అని మాట్లాడినట్టు మొదలుపెట్టి మూడో పాదంలో తీర్పు చెప్పారు. నా ప్రశ్న గుర్తు వెనక్కి తీసుకుంటున్నాను.

గణవిభజన:
'చేరి పక్క' కొంచెం బిగువు తక్కువ, అంతే. మిగతాది నేను రాసి ఉంటే బాగుండేదనిపించింది.

పద్యప్రియ:
ఒక్క మాట. గుర్రం పేరు చూశారా? తల్లి దరారాలోని మొదటి ముక్క, ఆ పైన పాశ్చాత్య స్వరాలు రే, మి. మన లెక్కలో రి, గ. స్వరాలతో బతికే ఇంట్లో తల్లి పేరునే స్వరం చేసి బిడ్డకు పెట్టుకున్నట్టుంది. అలాంటి బిడ్డ ముందొచ్చి వెనక్కి పోతే ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో!

నిర్వాహకుడు:
అక్షరమాల గారి పూరణం ఈ వారం ముందు నిలిచింది. పద్యప్రియ గారూ, మీ గుర్రం అక్కడితో ఆగలేదు. 2010 మార్చిలో దుబాయ్ షీమా క్లాసిక్ గెలిచింది. ఆ పందెం మీద కూడా ఒక పద్యం రాయండి, 'బరిలోన'తోనే మొదలుపెట్టండి.