లాబ్రడార్ పిల్లను ఎక్కడ కొనాలి? కెన్నెలా, ఇంట్లో పుట్టిన పిల్లా, షాపా?

మియాపూర్_సతీష్
అందరికీ నమస్తే. పిల్లలు కుక్క కావాలని ప్రాణం తోడేస్తున్నారు. మాది అపార్ట్‌మెంట్. ఒక కెన్నెల్‌లో (కుక్కల్ని పెంచి అమ్మే చోట) కేసీఐ పేపర్‌తో, అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశ పత్రంతో, 35 వేలు అంటున్నారు, ఇళ్లల్లో అమ్మేవాళ్లు పేపర్ లేకుండా 12 వేలు, పెట్ షాపులో 10 వేలు. ఇంత తేడా ఆ కాగితానికేనా?

గుంటూరు_శ్రీను
కాగితం ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకుంటారా బ్రో? మా జూలీ ఏడాదికోసారి ఈనుతుంది. కుక్కపిల్లలు హాల్లోనే, మా పిల్లల మధ్యే పెరుగుతాయి. మిక్సీ శబ్దానికీ కాలింగ్ బెల్‌కీ బెదరవు. 40 రోజులకి డీవార్మింగ్ (నులిపురుగుల మందు) చేయించి ఇచ్చేస్తాం.

కల్యాణి_ఎల్బీనగర్
40 రోజులా? ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉందండీ. తోటి పిల్లలతో కొట్లాడుతూ, కొరుక్కుంటూ ఆడితేనే ఎంత గట్టిగా కొరకకూడదో వాటికి తెలుస్తుంది. షాపులో తెచ్చుకున్న మా కుక్కపిల్ల వారం తిరక్కుండానే పార్వో అనే వైరస్ జబ్బుతో పోయింది. వాంతులు, రక్త విరేచనాలు, సెలైన్లు, ఆ వారమంతా ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. టీకా పుస్తకంలో స్టిక్కర్ ఉంది, డాక్టర్ సంతకం మాత్రం లేదు.

గుంటూరు_శ్రీను
మీది షాపు పిల్ల మేడం. దానికీ నా 40 రోజులకీ ఏంటి సంబంధం?

దేశీ_మల్లేష్
మా సందులో నాలుగు పిల్లలున్నాయి. ఫ్రీ. వచ్చి తీసుకెళ్లండి.

కల్యాణి_ఎల్బీనగర్
సంబంధం ఉంది శ్రీను గారూ. మొదటి టీకా వేసేదే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. ఆ తర్వాత పదహారు వారాల దాకా బూస్టర్లు ఉంటాయి. మీరు 40వ రోజున ఇస్తే, కొత్త చోటు టెన్షన్‌లో ఉన్న పిల్ల సరైన రక్షణ లేకుండా వాళ్లింటికి వెళ్తుంది.

గుంటూరు_శ్రీను
మా నాన్న కాలం నుంచి 40 రోజులకే ఇస్తున్నాం, ఒక్క కంప్లైంట్ లేదు.

వెట్_స్టూడెంట్_తిరుపతి
సతీష్ గారూ, కేసీఐ పేపర్ తాత ముత్తాతలు ఎవరో చెబుతుంది, ఆరోగ్యం గురించి కాదు. లాబ్రడార్లకి తుంటి జబ్బు వంశంలో వస్తుంది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమనండి. పేపర్ ఉండి ఎక్స్‌రే లేని కెన్నెళ్లు చాలానే ఉన్నాయి.

కల్యాణి_ఎల్బీనగర్
శ్రీను గారు ఇంకా చెప్పలేదు, జూలీకి ఇది ఎన్నో ఈత?

గుంటూరు_శ్రీను
నాలుగో ఈత. ఐదు దాకా మీరు చెప్పిన రూలే ఒప్పుకుంటుంది, నేనూ చదివాను. మా ఆవిడ రాత్రంతా పక్కనే కూర్చుని పురుడు పోసింది. నన్ను తీసుకెళ్లి బోనుల్లో పెట్టి అమ్మేవాడి పక్కన నిలబెడతారా? మీ పిల్ల పోయిందన్న కోపం నా మీద చూపించకండి.

కల్యాణి_ఎల్బీనగర్
చదివితే ఇంకోటి కూడా కనిపించాలి. అమ్మడానికి ఈనిస్తే ఇంట్లో అయినా బ్రీడరే. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ చేయించారా?

గుంటూరు_శ్రీను
చేయించినవాళ్లెవరో చెప్పండి, వెళ్లి దండం పెట్టొస్తా.

షెల్టర్_వాలంటీర్_హైద్
మీ రోజుల గొడవ ఆపి ఒక్కటి చెప్పండి. మా దగ్గర వదిలేసిన లాబ్రడార్లు ఉన్నాయి. ఉద్యోగం మారిందనో, బాబు పుట్టాడనో, ఓనర్ వద్దన్నాడనో తెచ్చి గేటుకి కట్టేసి వెళ్తారు. ఏడాది తర్వాత సతీష్ గారికి కుదరకపోతే ఆ కుక్కని వెనక్కి తీసుకుంటారా?

గుంటూరు_శ్రీను
వెనక్కా? డబ్బులిచ్చి తీసుకెళ్లాక అది వాళ్లది. నేను జూలీని చూసుకోవాలా, అమ్మినవన్నీ మళ్లీ మోయాలా? మీ పేపర్ కెన్నెల్ వాడు తీసుకుంటాడా, అడిగి చూడండి.

కల్యాణి_ఎల్బీనగర్
ఇప్పుడు అర్థమైంది. నేను రోజుల గురించి వాదిస్తున్నా, మీకు చేతులు దులుపుకోవడమే ముఖ్యం.

గుంటూరు_శ్రీను
సరే, సూటిగానే చెప్తా. ఎనిమిది పిల్లలు. నెలన్నర దాటాకే అసలు తిండి మొదలవుతుంది. ఇంకో రెండు వారాలు ఉంచితే ఆ ఫుడ్డు, టీకాలు, కడిగిన హాలే కడగడం, ఆ ఖర్చెవరు ఇస్తారు? 12 వేలకి అమ్మేవాడి దగ్గర 35 వేల మర్యాదలు అడుగుతారు అందరూ.

దేశీ_మల్లేష్
మా సందులో ఇప్పుడు మూడే ఉన్నాయి. ఒకటి కిరాణా కొట్టాయన తీసుకెళ్లాడు.

మియాపూర్_సతీష్
కెన్నెల్‌కి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకుంటారట, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరట. తల్లిని చూడటానికి వస్తానంటే ఇన్ఫెక్షన్ భయం అని వాట్సాప్‌లో వీడియో పంపారు. అడ్వాన్స్ అడుగుతున్నారు.

వెట్_స్టూడెంట్_తిరుపతి
తల్లిని చూడకుండా రూపాయి కూడా పంపకండి. చిన్న పిల్లల దగ్గరికి బయటివాళ్లని రానివ్వకపోవడంలో తప్పులేదు, కానీ టీకా పడ్డాక కొంచెం దూరం నుంచైనా తల్లిని చూపించొచ్చు కదా.

గుంటూరు_శ్రీను
మా ఇంటికి రండి సార్, జూలీని చూసి, టీ తాగి వెళ్లండి.

మియాపూర్_సతీష్
వస్తాను శ్రీను గారూ. రెండు వారాల తిండి, టీకా ఖర్చు నేనే పెట్టుకుంటాను, ఎనిమిది వారాలు నిండాకే ఇవ్వండి. జూలీ తుంటి ఎక్స్‌రే ఉందా?

గుంటూరు_శ్రీను
మా నాన్న మోకాలికే ఇంకా తీయించలేదు సార్.