గిన్నెల సబ్బు ఇంట్ల చేసుకునుడు: పనికొస్తదా, ఉత్త మోజా?

మణికొండ_మిద్దెతోట:
అందరికీ నమస్తే. మిద్దె మీద టమాట, వంకాయ, పాలకూర పెంచుతున్న, సింక్ నీళ్ళు పైపేసి కుండీలకు మళ్ళిద్దామని ఆలోచన, అందుకే బజారు బార్ మానేసి గిన్నెల సబ్బు ఇంట్లనే చేద్దామనుకుంటున్న. ఒక వీడియోల ఒకామె ఒంటిసబ్బు తురిమి వంటసోడా, నిమ్మరసం కలిపి ఆరబెట్టి ఇదే కెమికల్ ఫ్రీ అంటది. ఇంకొకాయన కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్, ఒళ్ళు కాల్చే ఘాటు క్షారం) లేకుండ సబ్బే కాదంటడు. కాస్టిక్ పోసినంక ఇగ నేచురల్ ఎట్లయితది? పైసలన్నా మిగులుతయా? చేసినోళ్ళు చెప్పుండ్రి, చేయనోళ్ళు ఎట్లాగూ చెప్తరు.

బేగంబజార్_సబ్బులక్క:
తమ్మీ, తయారైన సబ్బు తురిమి ముద్ద చేస్తే సబ్బు చేసినట్టు కాదు, ఉన్నదాన్ని పాడు చేసినట్టు. పైనుంచి నిమ్మరసం పిండితే ఇంకా ఘోరం, పులుపు తగిలితే సబ్బు విరిగి అండ్లున్న కొవ్వు బయటికొస్తది, ఆ వీడియోలల్ల ముద్ద మీద జిడ్డు తేలేది అందుకే.

కాస్టిక్ భయం సరే గానీ, నూనెతోని కలిసి సబ్బు, గ్లిజరిన్ అయినంక కాస్టిక్ మిగలదు, లెక్క సరిగ్గ ఉంటే. కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ 90, నీళ్ళు 180, అన్నీ తూకమే, గ్రాము చూపించే కాంటా మీద. చెంచాలు, గ్లాసుల లెక్క చెప్పేటోళ్ళ మాట అస్సలు వినకు. నీళ్ళల్ల కాస్టిక్ వెయ్యాలె, కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఎగజిమ్ముతది. కలపంగనే సలసల కాగినట్టయితది, ఘాటు లేస్తది, బాల్కనీల చెయ్యి, కళ్ళద్దాలు, గ్లౌజులు వెట్టుకో. స్టీలు గిన్నెనే వాడు, అల్యూమినియం దాన్ని కాస్టిక్ తినేసి హైడ్రోజన్ గ్యాస్ వదుల్తది. కొద్దిగ చల్లారినంక కరగబెట్టిన నూనెల పోసి హ్యాండ్ బ్లెండర్ తిప్పితే దోశపిండి లెక్క చిక్కగయితది, అప్పుడు అచ్చుల పొయ్యి. కొబ్బరి సబ్బు తొందరగ బిగుస్తది, కొన్ని గంటల్ల ఇంకా వెచ్చగున్నప్పుడే కొయ్యాలె, తెల్లారిదాక ఆగితే కత్తి వెట్టంగనే పెళుసుగ ముక్కలు లేస్తయి. నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరినంకనే వాడు.

కూకట్‌పల్లి_గోదారోడు:
అక్కా, మీ లెక్కని నేనేం కాదనను గానీ అసలు మాట ఎవరూ ఎత్తట్లేదండి, నీళ్ళు! ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంట్లో మొత్తం బోరూ ట్యాంకరే, కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకుపోతుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే గాని రాదు. ఆ నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఏ నూనెతో చేసిన సబ్బునైనా నురగ రానివ్వకుండా పట్టేసుకుని తెల్ల తెట్టు కట్టిస్తాయి, ఆ తెట్టు పోయి స్టీలు కంచానికి అంటుకుంటుంది, ఆరాక వేలితో రాస్తే జిడ్డుగా తగులుతుంది. బజారు బార్లో ఉండేది సబ్బు కాదు, డిటర్జెంటు, ఉప్పునీళ్ళకి అది అంత తేలిగ్గా లొంగదు. తాగేనీళ్ళ కాఠిన్యానికి, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం మోతాదుకి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్లేదంటుంది. మీ బోరు ఆ 600 దగ్గర ఉందనుకోండి, ఇక మీ సబ్బు నేచురలా కాదా అన్న ప్రశ్నే లేదు, పని చెయ్యదంతే. నా ఓటు బార్‌కే.

బేగంబజార్_సబ్బులక్క:
గోదారోడు గారు చెప్పింది నిజమే, కాకపోతే సగం. మాకు మంజీర నీళ్ళు, ఒక్క తిప్పుతో కడాయి జిడ్డు పోతది. తమ్మీ, చేసే ముందే పరీక్ష చేసుకో, ఏదన్న మామూలు ఒంటిసబ్బు గీసి సీసాల మీ నీళ్ళు పోసి బాగ ఊపు. నురగ నిలబడితే సరే, తెల్లగ విరిగిన పాల లెక్క పొరకలు తేలితే నీ నీళ్ళు కష్టమే.

అట్లని చేతులెత్తెయ్యొద్దు. 10 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) ముందే నీళ్ళల్ల కరిగించి, కాస్టిక్ ఇంకొక 6 గ్రాములు ఎక్కువెయ్యి, అంటే మొత్తం 96. ఇందాక నిమ్మరసం వద్దని ఇప్పుడు నిమ్మఉప్పు అంటవేంది అంటరేమో, అక్కడ తయారైన సబ్బుని పులుపు విరిచేస్తది, ఇక్కడ దానికి సరిపడ కాస్టిక్ ముందే ఇస్తున్నం, అది సోడియం సిట్రేట్ అయ్యి కాల్షియంని పట్టుకుంటది, తెట్టు తగ్గుతది. మరీ ఉప్పు బోరైతే మాత్రం నేను గ్యారంటీ ఇయ్య.

అల్వాల్_అప్పాలు:
అక్కా, సంక్రాంతికి సకినాలు కాల్చిన పల్లినూనె పడున్నది, కొబ్బరినూనె బదులు అదే 500 పోసి 90 కాస్టిక్ వెయ్యొచ్చా?

బేగంబజార్_సబ్బులక్క:
వద్దే వద్దు! పల్లినూనెకు దాదాపు 68 గ్రాములే పడుతది. 90 వేస్తే ఇరవైకి పైన గ్రాముల కాస్టిక్ అట్లనే సబ్బుల కూర్చుంటది, చేతులు కాలుతయి. ప్రతి నూనెకు లెక్క వేరే. పైగ పల్లినూనె సబ్బు మెత్తగుంటది, నురగ తక్కువ, గిన్నెల మీద పని చెయ్యదు.

సైనిక్‌పురి_అత్తమ్మ:
మీరంతా కాంటాలు, కుండీలు, కాల్షియం అని కొట్లాడుతుండ్రు, బోళ్ళు తోమేదెవరో ఒక్కరన్న అడిగిండ్రా? మా ఇంట్ల పనిచేసే ఆమె ఇట్లాంటి సబ్బుతోనే ఇంకో ఇంట్ల తోముతది, వేళ్ళ సందుల్ల పగిలి ఎర్రగైనయి. కాస్టిక్‌తోని కలవని మిగులు నూనె లేకుండ చేసిన కొబ్బరి సబ్బు కడాయి జిడ్డు తీసినట్టే చేతుల మీదున్న నూనె కూడా తీసేస్తది. బజారు బార్ పుణ్యాత్మురాలని నేనంట లేను, దాంతోని కూడా పగుల్తయి, గానీ దాన్ని ఎవరూ "స్వచ్ఛమైన ప్రకృతి" అని అమ్మరు కద. నేచురల్ అంటే గ్లౌజులు అక్కర్లేదనుకునే ఇండ్లు మస్తు చూసిన. నన్నడిగితే మామూలు గిన్నెలకు కుంకుడు రసం, ఇత్తడికి చింతపండు, ఇగ నూనె కడాయికి ఏదో ఒక సబ్బు. మా అమ్మ బూడిదతోని తోమేది, ఇప్పుడు ఫ్లాట్ల బూడిద ఎక్కడిది, కట్టెలపొయ్యి బిర్యానీ హోటలోళ్ళ కాళ్ళు మొక్కాలె.

కూకట్‌పల్లి_గోదారోడు:
అత్తమ్మ గారూ, గ్లౌజుల మాటకి దండం. కుంకుడు రసం ఉప్పునీళ్ళలో కూడా నురుగుతుంది గానీ మాంసం కూర వండిన గిన్నె మీద తేలిపోతుంది. రసం రోజూ కాచుకోవాలి కూడా, రెండ్రోజులుంటే పులిసి వాసనొస్తుంది.

మణికొండ_మిద్దెతోట:
అందరికీ థాంక్స్. మరి కుండీల సంగతి? అసలు నేను ఇదంతా మొదలువెట్టిందే మొక్కల కోసం కద.

కూకట్‌పల్లి_గోదారోడు:
అక్కడ కూడా నిరాశేనండి. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బైనా బజారు బారైనా రెండిట్లో సోడియం ఉంటుంది, రోజూ అదే నీళ్ళు పోస్తే కుండీ మట్టి గట్టిపడిపోతుంది, నీళ్ళు లోపలికి ఇంకవు. సోడియం బదులు పొటాషియం ఉండే కాస్టిక్ పొటాష్‌తో చేస్తే ఆ బాధ తక్కువ, కాకపోతే గట్టి బార్ రాదు, మెత్తటి ముద్దే వస్తుంది. ఆఖరి కడుగు నీళ్ళు మాత్రం బకెట్లో పట్టి పోసుకోండి. కొబ్బరినూనె ఇప్పుడున్న ధరకి పైసలు మిగిలే మాట కూడా మర్చిపోండి.

మణికొండ_మిద్దెతోట:
సీసా పరీక్ష ఇప్పుడే చేసిన. సంప్ నీళ్ళల్ల నురగ వచ్చింది గానీ అడుగున కొంచెం పొరకలున్నయి. నిమ్మఉప్పుతోని ఒక చిన్న బ్యాచ్ చూస్త. కాస్టిక్ కోసం కిరాణాల దొరికే డ్రైన్ క్లీనర్ పాకెట్లు నడుస్తయా అక్కా?

బేగంబజార్_సబ్బులక్క:
అస్సలు తేకు. కొన్నిట్ల అల్యూమినియం ముక్కలు, ఇంకా ఏవేవో కలుపుతరు. కెమికల్ దుకాణంల కాస్టిక్ సోడా ఫ్లేక్స్ అని అడుగు, మూట విప్పి పాలిథిన్ కవర్ల పోసిచ్చేది వద్దు, గాలి తగిలి తేమ గుంజుకుంటే తూకం తప్పుతది, సీల్ ఉన్న డబ్బానే తీసుకో. ఇంటికొచ్చినంక దాని మీద పెద్దగ పేరు రాసి పిల్లలకు అందకుండ పైన వెట్టు, ఉప్పు డబ్బా పక్కన మాత్రం కాదు.