హోటల్ కారిడార్‌లో చెక్క తాపడం, గోడలో కలిసిపోయే ఎగ్జిట్ తలుపు: ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

ఇంటీరియర్ డిజైనర్, హైదరాబాద్:

నేను పనిచేస్తున్న ఐదంతస్తుల హోటల్ యజమాని మూడు విషయాల్లో పట్టుదలగా ఉన్నారు. కారిడార్ గోడలకు కింది నుంచి పైదాకా టేకు వెనీర్ (పలుచని చెక్క పొర) తాపడం చేయాలి. అత్యవసర మెట్ల తలుపుకూ అదే వెనీర్ వేసి గోడలో కలిపేయాలి. సీలింగ్‌లో స్ప్రింక్లర్లు (మంట వేడికి తెరుచుకుని నీళ్లు చిమ్మేవి) కంటికి కనిపించకూడదు. అగ్నిమాపక సలహాదారు మొదటి రెండింటికీ ససేమిరా అంటున్నారు. చూడగానే నచ్చని హోటల్‌కు అతిథి మళ్లీ రాడన్న యజమాని మాట కూడా నిజమే. హద్దు ఎక్కడ పెట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

హోటల్ మేనేజర్, విశాఖపట్నం:

నేను యజమాని పక్షాన మాట్లాడుతున్నాను. ఈరోజు అతిథి ఫోన్‌లో ఫొటోలు చూసి గది తీసుకుంటాడు. ఆసుపత్రి వసారాలాంటి కారిడార్ కనిపిస్తే పక్క హోటల్‌కు వెళతాడు. పైగా మంటలు ఎక్కువగా వైరింగ్ లోపంతోనో, వంటగదిలోనో మొదలవుతాయి గాని గోడ చెక్కలో మొదలవవు. వైరింగ్ సరిచూసుకుని, అలారం పనిచేసేలా ఉంచి, సిబ్బందికి తర్ఫీదు ఇస్తే చాలదా? తప్పంతా చెక్క మీద మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం.

విశ్రాంత అగ్నిమాపక అధికారి, విజయవాడ:

మేనేజర్ గారు చెప్పినట్టు మంట గోడలో పుట్టదు. అయితే మనుషుల ప్రాణాలు పోయేది మంట పుట్టిన చోట మాత్రమే అయితే మా ఉద్యోగం చాలా తేలికగా ఉండేది. 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఢిల్లీ కరోల్ బాగ్‌లోని ఒక హోటల్లో 17 మంది చనిపోయారు. అక్కడ కారిడార్లలోని చెక్క తాపడం మంటలు పాకడానికి దోహదం చేసిందని అప్పుడే బయటపడింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో అంటుకున్న మంటల పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మందిని బలిగొంది. 1980 నవంబరులో లాస్ వేగాస్ ఎం.జి.ఎం. గ్రాండ్ హోటల్లో మంటలు ప్రధానంగా కింది అంతస్తులోనే ఉన్నాయి, చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది మాత్రం పై అంతస్తుల్లో పొగకు ఊపిరాడక పోయినవారే.

ఇంట్లో ఉన్న మనిషికి కళ్లు మూసుకున్నా గుమ్మం ఎక్కడుందో తెలుస్తుంది. హోటల్లో పడుకున్నవాడికి తాను వచ్చిన లిఫ్టు ఒక్కటే తెలుసు, మంటలప్పుడు ఎక్కకూడనిది సరిగ్గా దాన్నే. అర్ధరాత్రి దీపాలు ఆరిపోయి, కారిడార్ నిండా పొగ కమ్మితే అతడు నేలకు వంగి గోడ తడుముకుంటూ వెళతాడు. జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) నాలుగో భాగం ఇలాంటి బస భవనాల్లో మెట్ల దాకా నడవాల్సిన దూరాన్ని సాధారణంగా 30 మీటర్లకు పరిమితం చేసింది. కానీ ఆ మెట్ల తలుపును గోడలో కలిపేస్తే అతడు దాన్ని తాకి కూడా తలుపని గుర్తించక ముందుకు సాగిపోతాడు. అందుకే లాబీలో, రెస్టారెంట్లో డిజైనర్‌కు కొంత స్వేచ్ఛ ఇవ్వవచ్చు గాని, కారిడార్, మెట్లు మాత్రం పారిపోయే మనిషి సొత్తు అంటాను.

ఆర్కిటెక్ట్, హైదరాబాద్:

అధికారి గారితో ఏకీభవిస్తూనే, కాలని వస్తువులతో అందం రాదన్న అపోహను ఖండిస్తున్నాను. తాండూరు బండ, కడప రాయి, నున్నగా రుద్దిన సున్నపు గార, ఇత్తడి పట్టీలు, జిప్సం మీద చెక్కిన నగిషీ, వీటిలో ఏదీ అతిథి కంటికి ఆసుపత్రిలా కనిపించదు. టేకు మీద అంత మోజుంటే దాన్ని గదిలో మంచం తలవైపు వాడండి.

స్ప్రింక్లర్ల విషయంలో మాత్రం యజమాని కోరిక తీరుతుంది. మూతపలక ఉన్న రకం దొరుకుతుంది: సాధారణ రకంలో పలకను పట్టి ఉంచే టంకం సుమారు 57 డిగ్రీలకు కరిగి పలక రాలిపోతుంది, 68 డిగ్రీల దగ్గర స్ప్రింక్లర్ తెరుచుకుంటుంది. సీలింగ్ రంగుతో కలవాలంటే కంపెనీలోనే ఆ రంగు వేయించుకోవాలి. పని చివర్లో పెయింటర్ బ్రష్ తగిలితే పలక సీలింగ్‌కు అతుక్కుపోయి రాలదు. ఈ తప్పు నా పనిలోనే ఒకసారి జరిగింది, అన్నింటినీ మార్పించేదాకా నాకు నిద్ర పట్టలేదు. తెరల గురించి కూడా అడగండి. నిప్పంటకుండా పైపూత వేసిన గుడ్డ ఉతుకులకు ఆ గుణం పోగొట్టుకోవచ్చు, నేసిన దారంలోనే ఆ గుణం ఉన్న గుడ్డకు ఆ బెంగ ఉండదు.

హోటల్ మేనేజర్, విశాఖపట్నం:

కారిడార్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ మా దగ్గర సిబ్బంది ట్రాలీలు తోసుకుంటూ, పొగ మెట్లలోకి పోకుండా మూసి ఉండాల్సిన మెట్ల తలుపుకు చెక్కముక్క అడ్డంపెట్టి రోజంతా తెరిచే ఉంచుతారు. ఎన్నిసార్లు చెప్పినా అదే తీరు. అలాంటప్పుడు తలుపు కనిపించినా ఏం ప్రయోజనం?

విశ్రాంత అగ్నిమాపక అధికారి, విజయవాడ:

తలుపును తెరిచి పట్టి ఉంచే విద్యుదయస్కాంతాన్ని అలారానికి కలపండి. అలారం మోగగానే అది వదిలేస్తుంది, క్లోజర్ (తలుపుకు బిగించే స్ప్రింగు పరికరం) తలుపును మూస్తుంది. మనుషుల అలవాటుతో పోట్లాడే బదులు ఇది మేలు.

ఇంటీరియర్ డిజైనర్, హైదరాబాద్:

కారిడార్‌కు సున్నపు గార, కింద నడుము ఎత్తు వరకు తాండూరు బండ అని కొత్త నమూనా గీశాను. మెట్ల తలుపు చుట్టూ బండను ఆపేసి, గోడ తడిమే చేతికి తేడా తెలిసేలా ఇత్తడి చట్రం పెట్టాను. తలుపు నిండు ఆకుపచ్చ. యజమాని ఆ రంగు చూసి ముఖం చిట్లించారు, చట్రాన్ని మాత్రం మెచ్చుకున్నారు. సోమవారం సలహాదారుతో కలిసి ఆయన దగ్గరికి మళ్లీ వెళుతున్నాను. రంగు విషయంలో మాత్రం తగ్గను.